దావీదు నంబరు మీద లంకెడు పిల్లలు

కొల్లేరుకు అందరూ పక్షుల్ని చూడటానికి వెళతారు. నేను ఒక ఫోను నంబరును చూడటానికి వెళ్లాను.

నేను విజయవాడలో పిల్లల టీకాల లెక్కలు చూసే ఒక ఆఫీసులో పనిచేస్తాను. పుట్టిన ప్రతి బిడ్డ వివరాలూ, ఇంటివాళ్ల ఫోను నంబరుతో సహా, మా కంప్యూటర్లోకి చేరతాయి. టీకా రోజు రాగానే ఆ నంబరుకు మెసేజి వెళుతుంది. టీకాలు సరిగ్గా పడుతున్న ఊరు తెరమీద పచ్చగా, పడని ఊరు ఎర్రగా కనబడుతుంది. ఆ రంగుల్ని చూసే ఎక్కడికి నర్సును పంపాలో, ఎక్కడికి మందు ఎక్కువ పంపాలో పైవాళ్లు తేలుస్తారు. ఇంత గొప్ప పనిని పట్టుకుని మా ఆయన 'రంగుల డిపార్టుమెంటు' అంటాడు. ఆయన మాట వదిలేయండి.

ఒకరోజు తెరమీద కొల్లేటి నడుమ ఒక లంక కనబడింది. చుట్టూ నీళ్లు, రోడ్డు లేదు, పడవే దిక్కు. అలాంటి ఊరు పచ్చగా మెరిసిపోతోంది! కారు గుమ్మం దాకా వెళ్లే ఊళ్లేమో ఎర్రగా ఉన్నాయి. అనుమానం వచ్చి లోపలికెళ్లి చూస్తే, ఆ లంకలో పిల్లలందరికీ ఒకటే ఫోను నంబరు. ఆఫీసంతా నా కుర్చీ వెనక చేరి, ఎవరీ మహానుభావుడని పడీపడీ నవ్వింది.

మా సారు మాత్రం నవ్వలేదు. "దొంగలెక్క. ఎవడో కూర్చుని పిల్లల్ని టైపు చేసేశాడు. మీరు వెళ్లి చూసిరండి. నిజం కాకపోతే ఆ లంకను తీసేసి, పడవ ఖర్చు ఎర్ర ఊళ్లకు ఇచ్చేద్దాం" అన్నారు.

బయల్దేరేముందు ఆ నంబరుకు ఫోను చేసి, ఫలానా ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానని చెప్పాను. అవతల ఒక మగగొంతు, ఎంతో మెత్తగా, "ఏవండీ, నా పెళ్లి చెడగొట్టింది మీరేనాండీ?" అంది. నేను నోరు తెరిచేలోపల "చాలా థాంక్సండి" అని ఫోను పెట్టేసింది.

నా ఉద్యోగంలో నన్ను చాలామంది తిట్టారు కాని, ఇంత మర్యాదగా ఎవరూ తిట్టలేదు.

ఏలూరు: కుక్కకు కూడా అండీ

నాది కర్నూలు. మా ఊళ్లో ఆటో అతను 'వస్తావా రావా' అన్నది నోటితో కూడా అడగడు, చూపుతోనే సరిపెడతాడు. ఏలూరు స్టేషన్లో దిగగానే "ఏవండీ, ఎండగా ఉందండి, ముందు కూర్చోండి, ఎక్కడికో తర్వాత చెబుదురుగానండి" అన్నాడు ఆటో అతను. ఇదేదో మోసమని బ్యాగు గట్టిగా పట్టుకున్నాను. కాలవ దాటాక రోడ్డుకు అడ్డంగా పడుకున్న కుక్కను "కాస్త లేవండమ్మా" అన్నాడు. అది లేచింది. డబ్బులు కూడా న్యాయంగానే తీసుకున్నాడు. ఆ అనుమానం ఎందుకు పడ్డానా అని మధ్యాహ్నం దాకా బాధపడ్డాను.

ఆ లంకకు టీకాలు వేసే నర్సు హసీనా గారు. ఏలూరులో తివాచీలు నేసే ఇంటి ఆడపడుచు. వాళ్ల నడింట్లో ఇప్పటికీ మగ్గం ఉంది. వాళ్ల అన్నయ్య దానిమీద నెమళ్లు నేస్తుంటే, నేను నిలబడి బేరం మొదలుపెట్టాను. మా కర్నూల్లో చెప్పిన ధరకు సగం అడగటం ఆనవాయితీ. నేను సగం అడిగాను. ఆయన నొచ్చుకోకుండా "అలాగేనండి, సగం తివాచీ ఇస్తానండి, నెమలికి తల కావాలా తోక కావాలా?" అన్నాడు. నోరు మూసుకుని లోపలికెళ్లి భోజనానికి కూర్చున్నాను.

దోసకాయ పప్పు, వంకాయ కూర, రొయ్యల వేపుడు. అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి కాని కారం ఏది? వంకాయ కూరలో బెల్లం కూడా తగిలింది. నేను పచ్చిమిరపకాయ అడిగి తెప్పించుకుని కొరుక్కుంటూ తింటే, వాళ్లింట్లో పిల్లలు పక్కింటి పిల్లల్ని కూడా పిలుచుకొచ్చి చూపించారు.

తిన్నాక అసలు సంగతి అడిగాను. "ఆ నంబరు ఎవరిదండీ?"

"దావీదుదండి. లంకకు పడవ నడుపుతాడు."

"అతనికెంతమంది పిల్లలు?"

హసీనా గారు పకపకా నవ్వారు. "పిల్లలేంటండీ, పెళ్లే కాలేదు పాపం. కాబోయిన పెళ్లి కాస్తా మన మెసేజీల వల్ల ఆగిపోయింది. ఎల్లుండి ఆదివారం ఆ అమ్మాయికి భీమవరం నుంచి ఇంకో సంబంధం వస్తోందంట. బ్యాంకు ఉద్యోగమంట. దావీదు అన్నం కూడా సరిగా తినట్లేదండి."

"మరి అందరికీ అతని నంబరు ఎందుకిచ్చారు?"

"రేపు చూస్తారుగా. నేను చెబితే మీరు నమ్మరండి."

చేపల చెరువుల గట్ల మీద

శనివారం పొద్దున్నే వట్లూరు కాలేజీల వైపు వెళ్లే పిల్లల బస్సులు మాకు ఎదురొస్తుంటే, మేము ఆటోలో కొల్లేటి వైపు దిగాం. ఊరు దాటగానే నేల అయిపోయింది. అటు చెరువు, ఇటు చెరువు, మధ్యలో గట్టు, గట్టు మీద మేము. మా కర్నూల్లో బిందెడు నీళ్ల కోసం ట్యాంకరు వెంట పరిగెత్తిన ప్రాణం నాది. ఇన్ని నీళ్లు చూసేసరికి నాకు ముందు సంతోషం, తర్వాత అసూయ, ఆ తర్వాత చేపల మేత వాసనకు వాంతి వచ్చాయి. కలిదిండి దాకా ఇవే చెరువులండి అని ఆటో అతను గర్వంగా చెబుతున్నాడు. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తలాడించాను.

రేవు దగ్గర గూడబాతులు గుంపుగా నిలబడి, సంచి లాంటి గెడ్డాలు వేలాడేసుకుని మీటింగులో మా సారులా ఆలోచిస్తున్నాయి. వాటిని ఫోటో తీద్దామని నాలుగడుగులు వెనక్కి వేశాను. అక్కడ చక్కటి పచ్చిక, ఊదారంగు పూలు. నిలబడటానికి ఇంతకంటే మంచి చోటు దొరకదనుకుని కాలు పెట్టాను.

అది పచ్చిక కాదు. నీళ్లమీద తేలే గుర్రపుడెక్క.

నడుము దాకా దిగిపోయాను. "అమ్మో, సచ్చిపోతి!" అని మా కర్నూలు భాషలో కేక పెట్టాను. పడవలో ఉన్న ఒక ముప్పై ఏళ్ల మనిషి గడకర్ర చాచి, "భయపడకండి, అక్కడ లోతు లేదండి. నిలబడండి చాలు" అన్నాడు. నిలబడితే నిజంగానే నడుము దాకే ఉంది. ఎడమ చెప్పు మాత్రం కొల్లేటికి ఇచ్చేశాను. పైకి లాగి, తువ్వాలు ఇచ్చి, నేనెవరో హసీనా గారు చెప్పగానే ఆ మనిషి మొహం మాడిపోయింది.

"మీరేనాండీ ఆ ఆఫీసు? తెలియక లాగానండి" అన్నాడు.

అతనే దావీదు.

లంక: ఓటీపీ ఊరేగింపు

లంకలో ఒక ఇల్లాలు నాకు పొడిచీర ఇచ్చింది. ఉతికిందే, కాని చీరకు చేప వాసన పుట్టుకతో వచ్చినట్టుంది. కాళ్లకు వాళ్లాయన రబ్బరు చెప్పులు. ఆ వేషంలో చర్చి వరండాలో ఆఫీసరులా కూర్చున్నాను. ముందర హసీనా గారి ఐసు డబ్బా, చుట్టూ తల్లులు, వాళ్ల చంకల్లో పిల్లలు. ఒక్కొక్క బిడ్డనూ చూశాను, ఎత్తుకున్నాను, ఇద్దరు నామీద పోశారు. దొంగలెక్క ఎక్కడా లేదు. పిల్లలందరూ నిజమే, గట్టిగానే ఉన్నారు.

"తట్టు ఒక్క బిడ్డకు వచ్చిందంటే లంకంతా చుట్టేస్తుందండి. ఇక్కడ ఇళ్లు చూశారుగా, గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. అందుకే ఒక్కరు తప్పినా నాకు నిద్ర పట్టదు" అన్నారు హసీనా గారు.

అప్పుడు ఒక కొత్త బిడ్డను నమోదు చేయాల్సి వచ్చింది. ఇక్కడ బయటపడింది నంబరు రహస్యం. లంకలో అందరికీ ఫోన్లున్నాయి, కాని సిగ్నలు లేదు. సిగ్నలు అందేది రేవులో, దావీదు పడవ కట్టే గుంజ దగ్గర మాత్రమే. మా పద్ధతేమో మహా ఘనమైనది: నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది, అది వెంటనే కొట్టాలి, కాస్త ఆలస్యమైతే చెల్లదు. రోజంతా గుంజ దగ్గర ఉండే ఫోను దావీదుదే. అందుకని అందరూ దావీదు నంబరే ఇచ్చారు.

హసీనా గారి ట్యాబు మాత్రం ఏదో పెద్ద యాంటెన్నా పుణ్యమా అని వరండాలో ముక్కుతూ మూలుగుతూ పనిచేస్తుంది. ఆవిడ నంబరు కొట్టి "వదిలానండోయ్!" అని కేకేశారు. ఆ కేక వీధి మలుపులో నిలబడ్డ ఒకావిడ అందుకుని రేవు వైపు అరిచింది. రేవు నుంచి దావీదు గొంతు వినబడింది. "నాలుగూ... ఏడూ..." మలుపులో ఆవిడ "నాలుగూ... ఏడూ..." అని మాకు అందించింది. సరిగ్గా అదే సమయానికి పడవలో దిగిన కూరగాయలతను "టమాటా ముప్పయ్! వంకాయ నలభై!" అని మొదలుపెట్టాడు. హసీనా గారు టమాటాను కూడా ఓటీపీలో కొట్టేశారు. తెరమీద 'తప్పు' అని ఎర్రగా వచ్చింది. మళ్లీ వదిలారు, మళ్లీ కేకలు. ఈసారి ఇద్దరు ఆడవాళ్లు వెళ్లి కూరగాయలతని నోరు పట్టుకుని నిలబడ్డారు. అతను కళ్లతోనే ధరలు చెబుతున్నాడు. ఓటీపీ కుదిరింది. లంకంతా చప్పట్లు కొట్టింది.

ఇంత చేసి నమోదైన బిడ్డ మా తెరమీద ఒక చిన్న పచ్చ చుక్క. మా సారు దాన్ని దొంగలెక్క అన్నారు. ఆ మాటకు నాకక్కడ కూర్చుని అరికాలి మంట నెత్తికెక్కింది.

టీకా రోజు మెసేజీలన్నీ దావీదుకే వెళతాయి. అతను చర్చి మైకు పట్టుకుని, ఏ బిడ్డకు ఏ టీకానో చదువుతాడు. రొయ్యల చెరువుల మీద పనిలో ఉన్న తల్లులు కూడా వింటారు. టీకా వేయించుకుని ఏడ్చే పిల్లల్ని పడవలో ఒక చుట్టు తిప్పుతాడు. లంక ఎందుకు పచ్చగా ఉందో నాకు తెలిసిపోయింది. వెంటనే సారుకు ఫోను చేద్దామనుకున్నాను కాని సిగ్నలు లేదు.

ఫోను నడిపిన పెళ్లిచూపులు

మధ్యాహ్నం కొర్రమీను పులుసు పెట్టారు. ఈ పులుసులో బెల్లం లేదు. నేను మూడోసారి అన్నం పెట్టించుకుంటుంటే తల్లులు పోటీలు పడి దావీదు పెళ్లిచూపుల కథ చెప్పారు. దావీదు గుమ్మం దగ్గరే తల వంచుకుని కూర్చున్నాడు.

అమ్మాయి పేరు సువార్త. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారి ప్రకాశరావు గారి కూతురు, కొట్లో లెక్కలు చూస్తుంది. పాస్టరు గారు కుదిర్చిన సంబంధం. దావీదు తెల్లచొక్కా వేసుకుని ఒక్కడే మోటారుసైకిలు మీద వెళ్లాడు. గడ పట్టుకున్నప్పుడు చేతులు ఖాళీ ఉండవు కాబట్టి, వచ్చిన మెసేజిని పైకి చదివేలా ఫోనును పెట్టుకుంటాడు. ఆ సంగతి మరిచిపోయి ఫోనును మిఠాయి పళ్లెం పక్కన పెట్టాడు. అమ్మాయి కాఫీ తెచ్చి ఇచ్చింది. ఫోను గొంతు సవరించుకుంది.

"తండ్రి గారికి నమస్కారం. మీ బిడ్డ, బేబీ ఆఫ్ కుమారికి, ఈ రోజే తట్టు టీకా."

అందరూ ఫోను వైపు చూశారు. ఫోను ఆగలేదు.

"తండ్రి గారికి నమస్కారం. మీ బిడ్డ, బేబీ ఆఫ్ మార్తమ్మకు..."

ఆ తర్వాత బేబీ ఆఫ్ శాంతి. ఆ తర్వాత బేబీ ఆఫ్ రూతు. తల్లులు మారుతున్నారు, తండ్రి గారు మారట్లేదు. దావీదు కాఫీ గ్లాసు కింద పెట్టేసి, ఫోను జేబులో వేసుకుని, ఒక్క మాట కూడా చెప్పకుండా లేచి వెళ్లిపోయాడు. సిగ్గుతో పారిపోయాడని ప్రకాశరావు గారు పాస్టరు గారికి ఫోను చేసి సంబంధం వద్దన్నారు.

"ఇంటికొచ్చాక ఇంకా ఘోరమండి" అంది కుమారి అనే తల్లి. "తెల్లచొక్కా నిండా బురద. నేరుగా చర్చిలోకెళ్లి మైకులో ఒకటే అరుపు. సంబంధం పోయిందని పిచ్చెక్కిందేమో అనుకున్నామండి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ 'తండ్రి గారికి' అనే మాట మా ఆఫీసు మీటింగులోనే పుట్టింది. తండ్రులకు కూడా బాధ్యత తెలియాలని ఎవరో అన్నారు, సమోసాలు తింటూ అందరం తలలూపాం.

దావీదు అప్పుడు తలెత్తాడు. "మేడం గారూ, నా నంబరు తీసెయ్యండి. ఇతనికి పిల్లల్లేరని మీ ఆఫీసు తరఫున ఒక కాగితం ఇవ్వండి. రేపటిలోగా ప్రకాశరావు గారికి చూపించుకుంటానండి. ఆ అమ్మాయి నన్ను చూసి నవ్విందండి. ఫోను మాట్లాడక ముందు."

"పిల్లలున్నట్టయితే ఇవ్వగలం కాని, లేనట్టు ఇచ్చే ఏర్పాటు మా కంప్యూటర్లో లేదు నాయనా" అన్నాను. నంబరు తీసెయ్యడం మాత్రం నా చేతిలో పనే. ఒక్క నొక్కు చాలు.

తల్లులు భగ్గుమన్నారు. "నంబరు తీస్తే ఓటీపీ ఎవరిస్తారండీ?" "మైకులో ఎవరు చెబుతారండీ?" "పెళ్లిదేముందండీ, ఎప్పుడైనా అవుతుంది!" దావీదు వాళ్లను చూసి, మెల్లగా "మీకందరికీ అయిపోయింది కాబట్టి అలాగే అంటారండి" అన్నాడు.

నాకు అన్నం సయించలేదు. నొక్కితే లంక పోతుంది, నొక్కకపోతే ఇతని పెళ్లి పోతుంది. చివరికి హసీనా గారు ఒక దారి చెప్పారు. ఇప్పుడే గూడెం వెళ్లి నేనే ప్రకాశరావు గారితో మాట్లాడటం. ఆయన ఒప్పుకోకపోతే అక్కడికక్కడే నంబరు తీసెయ్యడం. దావీదు ఒప్పుకున్నాడు. పడవ రేవు దాటుతుంటే వెనక ఇంకో పడవ కనబడింది. నిండా తల్లులు, పిల్లలు.

"మేమూ వస్తున్నామండీ! సాక్ష్యం చెబుతామండీ!" అని కుమారి అరిచింది.

తాడేపల్లిగూడెం: సాక్షులు వ్యానులో వచ్చారు

వాళ్లను ఆపటం ఎవరి తరమూ కాలేదు. ఐసు దించేసి ఖాళీగా పోతున్న చేపల వ్యానును పట్టుకుని, పరదాలు పరుచుకుని కూర్చున్నారు. వీధి చివరే ఉండండి, పిలిస్తేనే రండి అని ఒట్టు వేయించుకుని మేము ముందు ఆటోలో వెళ్లాం.

గూడెం బజారులో దిగగానే నాకు పుట్టింటికి వచ్చినట్టనిపించింది. ఎటు చూసినా బస్తాలు, బస్తాల మీద మా కర్నూలు పేరు! మా జిల్లా ఉల్లిగడ్డ నాకంటే ముందే లారీ ఎక్కి ఇక్కడికొచ్చి కూర్చుంది. ప్రకాశరావు గారు కొట్లో కాటా పక్కన ఉన్నారు. దావీదును చూసి మొహం తిప్పుకున్నారు. చేప వాసన చీర, మగవాళ్ల చెప్పులు చూసి నన్నెవరనుకున్నారో గాని, "కూర్చోండమ్మా. ఏ ఊరండి మీది?" అన్నారు.

"కర్నూలండి."

"కర్నూలా! అయితే మీతో మాట్లాడాలండి. మీ ఉల్లిపాయ తడిగా వస్తోందండి. బస్తాకు అడుగున కుళ్లుతోందండి."

నేను వచ్చిన పని మరిచిపోయాను. "ఏంది సార్ మీరనేది? మా ఉల్లిగడ్డ తడా? గోనె మార్చి, నీళ్ల పక్కన పెట్టుకుని, మా మీద పడతారా!" ఇద్దరం బస్తా విప్పించి, గడ్డలు చేతిలో పట్టుకుని వాదించుకుంటున్నాం. హసీనా గారు నా వీపు మీద గిల్లారు.

సర్దుకుని మొదలుపెట్టాను. "సార్, మా కంప్యూటరు ప్రకారం ఈ దావీదు మీద చాలామంది పిల్లలున్నారు, కాని నిజానికి లేరు."

"ప్రకారం ఉన్నారు కదండీ?"

"ఉన్నారు. కాని అతని పిల్లలు కారు."

"మెసేజిలో తండ్రి గారని ఉందండి. ప్రభుత్వం లెక్క తప్పంటారా?"

ఆ లెక్కలే నాకు అన్నం పెడుతున్నాయి. తప్పు అనటానికి నోరు రాలేదు. "లెక్క తప్పు కాదు, అర్థం తప్పు" అన్నాను. ఆ ముక్క నాకే అర్థం కాలేదు. లోపలి గుమ్మంలో ప్రకాశరావు గారి భార్య "అయ్యో ప్రభువా" అంటోంది. ఆవిడ పక్కనే సువార్త నిలబడి ఉంది, సన్నగా, జడలో పెన్ను దోపుకుని.

అదే సమయానికి వ్యాను వచ్చి కొట్టు ముందు ఆగింది. ఒట్టు గిట్టు ఏమీ లేదు. తలుపు తెరవగానే తల్లులు, పిల్లలు, చల్లటి చేప వాసన అన్నీ కలిసి దిగాయి. బజారంతా పని ఆపేసింది. కుమారి ముందుకొచ్చి గట్టిగా, "అయ్యగారూ, ఈ పిల్లల్లో ఒక్కరికి కూడా దావీదు తండ్రి కాదండి! మేమందరం సాక్ష్యమండి!" అంది.

అలా అంటుండగానే ఆవిడ చంకలో పాప దావీదును చూసింది. రెండు చేతులూ చాచి, కేరింతలు కొట్టి, అతని మీదకు దూకింది. దాన్ని చూసి పక్క బిడ్డ చేతులు చాచింది. ఇంకో బిడ్డ అతని కాలు పట్టుకుంది. ఇంజెక్షను తర్వాత పడవ ఎక్కించే మామయ్య కదా! క్షణంలో దావీదు పిల్లల కింద కనబడకుండా పోయాడు. ఎదురు కొట్టు ఆయన "అమ్మో, ఎంతమందండీ!" అన్నాడు.

ప్రకాశరావు గారు కాటా మీద కూలబడ్డారు. కాటా ముల్లు గిర్రున తిరిగింది. "ఇంక చాలండి. వెళ్లండి" అన్నారు.

నేను బ్యాగులోంచి మా ఆఫీసు ట్యాబు తీశాను. నంబరు తీసేద్దామని దావీదు పేరు తెచ్చి, వేలు పెట్టబోయాను.

"ఒక్క నిమిషం ఆగండి" అంది సువార్త. అందరం అటు తిరిగాం. "మీలో కుమారి గారు ఎవరండి?"

"నేనేనండి" అంది కుమారి బెదురుగా.

"ఆ రోజు ఫోను మీ పాపకు 'ఈ రోజే తట్టు టీకా' అని చెప్పిందండి. వేయించారా?"

"వేయించామండి."

"ఎవరు చెప్పారండి మీకు? ఫోను ఇక్కడుంది కదా."

కుమారి దావీదు వైపు చూసింది. "ఇతనేనండి. బురద చొక్కాతో వచ్చి మైకులో... మేము పిచ్చి అనుకున్నామండి. కాసేపటికి గాని తెలియలేదు, టీకా టీకా అని అరుస్తున్నాడని. చెరువు మీద నుంచి పరిగెత్తామండి."

"ఆ వారం పండగ వల్ల రోజు మార్చారండి, లంకలో ఎవరికీ తెలియదు" అన్నారు హసీనా గారు. "నేను ఎవరూ రాక డబ్బా మూసేస్తుంటే, ఒక్కసారిగా అందరూ వచ్చారు. ఎలా తెలిసిందా అని నేను ఆలోచించనే లేదు."

సువార్త దావీదును అడిగింది. "అందుకేనా కాఫీ వదిలేసి వెళ్లిపోయారు?"

దావీదు పిల్లల మధ్య నుంచి "అవునండి. గూడెం నుంచి చాలా దూరం కదండీ. సాయంత్రమైతే నర్సమ్మ గారు వెళ్లిపోతారు. దారిలో గట్టు మీద బండి జారిందండి" అన్నాడు.

ప్రకాశరావు గారు లేచి నిలబడ్డారు. "మరి ఆ ముక్క చెప్పొచ్చుగా నాయనా! ఇన్నాళ్లూ చెప్పకుండా!"

"ఎందుకు లేచావని ఎవరూ అడగలేదు కదండీ. అయినా కాఫీ మధ్యలో లేవటం తప్పేనండి."

నాకు ఏడుపొచ్చేసింది. నిజం చెబుతున్నాను, వెక్కి వెక్కి ఏడ్చాను. ఉల్లిపాయల కొట్లో ఏడిస్తే ఎవరూ పట్టించుకోరు, అదొక సదుపాయం.

సువార్త లోపలికెళ్లి కాఫీ గ్లాసుతో వచ్చింది. ఒక్క గ్లాసే. పిల్లల్ని తప్పించుకుంటూ వెళ్లి దావీదుకిచ్చి, "ఈసారి పూర్తిగా తాగండి" అంది.

దావీదు గ్లాసు అందుకున్నాడు. జేబులో ఫోను గొంతు సవరించుకుంది. అందరం అతని జేబు వైపే చూశాం.

"ప్రియమైన వినియోగదారుడా, మీ రీచార్జి రేపటితో ముగుస్తుంది."

ప్రకాశరావు గారు చిన్నగా దగ్గి, "రీచార్జి నేను చేయిస్తాలెండి" అన్నారు. పెళ్లి కుదిరిందని దానర్థమని హసీనా గారు నా చెవిలో చెప్పారు. భీమవరం వాళ్లకు ఆ సాయంత్రమే వద్దని కబురు వెళ్లింది. నేను ట్యాబు మూసేశాను. వచ్చేటప్పుడు ప్రకాశరావు గారు నాకు ఉల్లిపాయలు సంచినిండా ఇచ్చారు. మా జిల్లా ఉల్లిని నాకే బహుమతిగా ఇవ్వటమేమిటని ఉక్రోషం వచ్చింది కాని, మోసుకొచ్చాను. అడుగున రెండు కుళ్లాయి. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

విజయవాడ: తండ్రి గారికి

తిరిగొచ్చి సారుకు అంతా చెప్పాను. లంక తెరమీద ఉండిపోయింది, పడవ ఖర్చూ ఉండిపోయింది. ఒకే నంబరు మీద చాలామంది పిల్లలు కనబడితే ఇప్పుడు దొంగలెక్క అనరు, ముందు ఎవరైనా వెళ్లి చూసొస్తారు. మెసేజిలో 'తండ్రి గారికి' తీసేసి 'సంరక్షకులకు' అని మార్చాం. దీనికి కూడా ఒక మీటింగు, సమోసాలు. ఇంకో పెళ్లి చెడకుండా కాపాడానని నాకు చాలా గర్వంగా ఉండేది.

ఏడాది దాటాక, నిన్న ఆ నంబరు నుంచి ఫోను వచ్చింది.

"ఏవండీ మేడం గారూ, దావీదునండి. బేబీ ఆఫ్ సువార్తను నమోదు చేశారండి. మొదటి మెసేజి ఇప్పుడే వచ్చింది."

"చాలా సంతోషం దావీదూ! పాపా, బాబా?"

"పాపండి. అది కాదండి, నాకు కోపంగా ఉందండి. ఊళ్లో పిల్లలందరికీ నన్ను తండ్రి గారన్నారు. తీరా నాకు పాప పుడితే సంరక్షకుడంటారేంటండీ?"

నాకు నవ్వాగలేదు. మార్చాలంటే మళ్లీ మీటింగు పెట్టాలి. అందాకా ఆగలేక నా సొంత ఫోను నుంచే కొట్టి పంపాను: 'తండ్రి గారికి నమస్కారం. మీ బిడ్డ, బేబీ ఆఫ్ సువార్తకు, బుధవారం టీకా.'

కాసేపటికి జవాబు వచ్చింది. 'అందిందండి. మైకు దగ్గర పెట్టి లంకంతా వినిపించానండి. రెండుసార్లు.'